ఒంటిచక్రం బండి మీద చైనా యుద్ధ చరిత్ర

అందరికీ నమస్కారం. ఎండలో ఇంత దూరం వచ్చారు, సంతోషం.

చైనా సైనిక చరిత్ర అంటే చాలామందికి మహా గోడ గుర్తొస్తుంది. 1974లో షియాన్ దగ్గర బావి తవ్వుతున్న రైతులకు దొరికిన మట్టి సైనికులు గుర్తొస్తారు. కాస్త చదివినవాళ్లు యుద్ధ కళ మీద పుస్తకం రాసిన సున్ జూ పేరెత్తుతారు. వాటి గురించి మీకు ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఈ రోజు ఒక బండి గురించి చెబుతాను. ఒకే చక్రం ఉంటుంది. చక్రం మధ్యలో, బస్తాలు దానికి రెండు పక్కలా. వెనక రెండు పిడులు. తోసేవాడు తాడు ఒకటి మెడ మీదుగా వేసుకుని పిడులకు కట్టుకుంటాడు. రెండు వేల ఏళ్లుగా చైనా పల్లెల్లో ఉన్న బండి అది. ఆ దేశపు రాజ్యాలు నిలబడటం, కూలిపోవడం నాకు అర్థమైంది ఆ బండి దగ్గర నిలబడి చూసినప్పుడే.

ముందు ఒక చిన్న లెక్క. సైనికుడికి రోజూ తిండి కావాలి. ఆ తిండి మోసుకెళ్లేవాడికీ కావాలి. మోసే ఎద్దుకు మేత కావాలి. దూరం పెరిగే కొద్దీ బస్తాలో ఉన్నది దారిలోనే అయిపోతుంది. సున్ జూ ఈ లెక్క సూటిగా రాశాడు: శత్రువు ధాన్యం ఒక కొలత తింటే, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇరవై కొలతలతో సమానం. ఆ రచన వెదురు పట్టీల మీద రాసిన ప్రతి 1972లో షాన్‌డాంగ్‌లోని ఒక సమాధిలో బయటపడింది. అందరూ అందులో ఎత్తులు, పైఎత్తులు వెతుకుతారు. నేను మాత్రం ఈ ఇరవై కొలతల వాక్యం దగ్గరే ఆగిపోతాను.

ఇప్పుడు క్రీ.పూ. 260కి వెళ్దాం. చైనా ఇంకా ఒక్కటి కాలేదు. చిన్, ఝావో అనే రెండు రాజ్యాలు ఇప్పటి షాన్‌షీ రాష్ట్రంలో ఛాంగ్‌పింగ్ అనేచోట ఎదురుపడ్డాయి. ఝావో సేనాని ల్యాన్ పో అనుభవం ఉన్నవాడు. కోట కట్టుకుని లోపలే కూర్చున్నాడు. దూరం నుంచి వచ్చినవాడు తిండి లేక వెనక్కి పోతాడని ఆయన నమ్మకం. కానీ ఝావో రాజ్యానికే ధాన్యం తక్కువైంది. పక్కనున్న చీ రాజ్యాన్ని అడిగితే ఇవ్వనంది. రాజుకు ఓపిక నశించింది. ల్యాన్ పోను తీసేసి ఝావో క్వో అనే కుర్ర సేనానిని పెట్టాడు. యుద్ధం గురించి మాట్లాడితే తండ్రిని కూడా ఓడించేవాడట. అతని తల్లే రాజు దగ్గరికి వెళ్లి, నా కొడుకును పంపొద్దని బతిమాలుకుంది. రాజు వినలేదు.

ఝావో క్వో కోట వదిలి బయటికొచ్చాడు. చిన్ సేనాని బై చీ వెనక్కి తగ్గినట్టే తగ్గి, వెనక నుంచి దారి మూసేశాడు. ధాన్యం బళ్లు ఆగిపోయాయి. చిన్ రాజు స్వయంగా దగ్గరి జిల్లాకు వచ్చి పదిహేనేళ్లు దాటిన ప్రతి మగవాణ్నీ పిలిపించాడు. పిలిపించింది ఝావోకు వచ్చే తిండిని, సాయాన్ని అడ్డుకోవడానికి. 46 రోజులు ఆ సైన్యానికి మెతుకు లేదు. చాటుగా ఒకరినొకరు చంపుకుని తిన్నారని చైనా పాత చరిత్రకారుడు సీమా ఛ్యెన్ రాశాడు. ఝావో క్వో బాణాలకు చనిపోయాడు. మిగిలినవాళ్లు లొంగిపోయారు. బై చీ నాలుగు లక్షల మందిని చంపించి, చిన్న వయసు పిల్లలు 240 మందిని మాత్రం ఊరికి పంపాడని ఆ చరిత్రకారుడి మాట. నాలుగు లక్షలనే అంకె మీద పండితులకు అనుమానాలున్నాయి, నాకూ ఉన్నాయి. కానీ 1995లో అక్కడి యోంగ్‌లూ అనే ఊళ్లో ఒక్క గుంట తవ్వితే దాదాపు 130 మంది ఎముకలు బయటపడ్డాయి. ఇలాంటి గుంటలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి.

ఇది జరిగిన 39 ఏళ్లకు, క్రీ.పూ. 221లో, చిన్ రాజ్యం దేశమంతటినీ ఒక్కటి చేసింది. ఆ రాజ్యం ఎంత పద్ధతిగా నడిచిందంటే, ఆయుధం మీద దాన్ని చేయించిన అధికారి పేరు, చేసిన పనివాడి పేరు చెక్కించేవారు. పొరపాటు వస్తే ఎవణ్ని పట్టుకోవాలో తెలియాలి కదా. ఆ తర్వాత వచ్చిన హాన్ రాజులు గింజల లెక్కలో కూడా అంతే పట్టుదల చూపించారు. ఆ లెక్క కళ్లతో చూడాలంటే ఎడారికి వెళ్లాలి.

ఇన్నర్ మంగోలియాలో జూయాన్ అనే చోటు ఉంది. హాన్ కాలపు సరిహద్దు కావలి బురుజులు అక్కడ ఇసుకలో కూరుకుపోయాయి. 1930లో అక్కడ దాదాపు పదివేల చెక్క పట్టీలు దొరికాయి. మన తాటాకుల్లాగా అనుకోండి, కానీ చెక్క. వాటి మీద కవిత్వం లేదు, యుద్ధ గాథలు లేవు. ఏ బురుజులో ఎవరున్నారు, ఎన్ని బాణాలు పాడయ్యాయి, ఎవరికి ఎంత ధాన్యం కొలిచారు, అంతే. సైనికుడికి నెలకు మూడు షి, ఇంకో మూడో వంతు. షి అంటే దాదాపు ఇరవై లీటర్ల కొలత. భార్య కూడా బురుజు దగ్గరే ఉంటే ఆమెకు రెండుకు కొంచెం పైన. పసిబిడ్డకు ఒకటికి కొంచెం పైన. ఇంటిల్లిపాదికీ ఎంత తూచారో పేరుతో సహా రాసిపెట్టారు. ఆ పసిబిడ్డ వాటా దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది. సామ్రాజ్యపు సరిహద్దు అంటే మ్యాపు మీద గీత అనుకుంటాం. ఆ ఎడారిలో అది ఒక సంసారం, ఆ సంసారానికి నెలవారీ గింజలు.

గింజలు దూరం నుంచి తేవడం ఎంత ఖరీదో హాన్ వాళ్లకు అనుభవం మీద తెలిసింది. క్రీ.పూ. 119లో షియోంగ్‌నూ అనే సంచార జాతి మీదకు ఎడారి దాటి దండెత్తినప్పుడు సరిహద్దు దగ్గర లెక్కపెట్టిన గుర్రాలు లక్షా 40 వేలు. తిరిగొచ్చినవి 30 వేలు కూడా లేవు. ఆ యుద్ధం వాళ్లు గెలిచారు. అయినా గుర్రాలు లేక చాలా కాలం మళ్లీ అంత పెద్ద దాడి చేయలేకపోయారు. చివరికి సరిహద్దులోనే సైనికులకు పొలాలిచ్చి, పండించుకుని తినమన్నారు. ఈ సైనిక వ్యవసాయం ఆ తర్వాత ప్రతి రాజవంశమూ ఏదో ఒక రూపంలో చేసింది. మూడు రాజ్యాల కాలపు సేనాని త్సావ్ త్సావ్ కూడా పొలాలతోనే బలపడ్డాడు. క్రీ.శ. 200లో గ్వాన్‌డూ దగ్గర తనకంటే ఎంతో పెద్ద సైన్యాన్ని ఓడించడానికి ఆయన చేసిన పని, ఒక రాత్రి వెళ్లి శత్రువు ధాన్యం నిల్వలు తగలబెట్టడం.

ఇక అసలు కథకు వస్తాను. 611, 612 సంవత్సరాలు. సుయ్ వంశపు యాంగ్ చక్రవర్తి. తవ్వించిన మహా కాలువ పనుల్లోనే ప్రజలు నలిగిపోయి ఉన్నారు. అప్పుడు ఆయన కొరియా వైపున్న గోగుర్యో రాజ్యాన్ని జయించాలని బయల్దేరాడు. చరిత్ర గ్రంథాల ప్రకారం సైన్యం 11 లక్షల 33 వేల 800. తిండి మోసేవాళ్లు దానికి రెట్టింపు. ఆ సైన్యం రోజుకొక దళం చొప్పున కదిలితే అంతా బయల్దేరడానికే 40 రోజులు పట్టింది.

ఇక్కడే మన బండి వస్తుంది. ఆరు లక్షల మందికి పైగా రైతులను ఒంటిచక్రం బళ్లు తోయడానికి పట్టుకొచ్చారు. ఈ భారం అందరికంటే ఎక్కువ పడింది షాన్‌డాంగ్ ప్రాంతం మీద. ఇద్దరికి ఒక బండి, బండికి మూడు షిల బియ్యం. దారి చాలా దూరం, చెడ్డ దారి. ఆ ఇద్దరూ తినాలి కదా? తోస్తూ తోస్తూ ఆ బియ్యమే తిన్నారు. గమ్యం చేరేసరికి బండి ఖాళీ. అప్పగించడానికి ఏమీ లేదు. అప్పగించకపోతే శిక్ష. ఏం చేస్తారు? బండి అక్కడే వదిలేసి అడవిలోకి పారిపోయారు. ఇంటి దగ్గర పొలాలు బీడు పడ్డాయి. ఆ ఏడాదే షాన్‌డాంగ్ కొండల్లో తిరుగుబాటు మొదలైంది. గోగుర్యోతో యుద్ధం జరిగే లియావోడాంగ్ వెళ్లి చావొద్దని పాట కట్టి పాడుకున్నారు.

సైన్యం గతి కూడా చూడండి. నది దాటి ముందుకెళ్లిన దళాలకు ఒక్కొక్కరికి వంద రోజుల తిండి, కవచం, ఈటె, గుడారం సామాను, అన్నీ నెత్తిన పెట్టారు. మోయలేకపోయారు. గింజ పారేసినవాడి తల తీస్తామని ఆజ్ఞ. అందుకని రాత్రిపూట గుడారాల్లోనే గోతులు తవ్వి బియ్యం పూడ్చిపెట్టారు. సగం దారికే తిండి అయిపోయింది. సాల్సు నది దగ్గర గోగుర్యో సేనాని ఉల్చి మున్‌డొక్ వాళ్లను తుడిచిపెట్టాడు. వెళ్లినవాళ్లు 3 లక్షల 5 వేలు, తిరిగొచ్చినవాళ్లు 2,700 అని రాశారు. ఆరేళ్లు తిరక్కుండా, 618లో, సుయ్ వంశమే లేకుండా పోయింది. నన్నడిగితే ఆ వంశం సాల్సు నదిలో మునగలేదు. ఖాళీ బండిని దారి పక్కన వదిలేసిన రోజే దాని పని అయిపోయింది.

తర్వాతి వెయ్యేళ్లను కాస్త వేగంగా దాటుతాను. తాంగ్ వంశం, మందుగుండు ఆయుధాలు ఉండి కూడా మంగోలులను ఆపలేకపోయిన సాంగ్ వంశం, ఒక్కోదానికీ ఒక్కో రోజు కావాలి. మింగ్ కాలంలో 1449లో తూము అనే చోట చక్రవర్తే సైన్యంతో సహా మంగోలులకు చిక్కాడు. దాదాపు ఇరవై అడుగుల లోతు తవ్వినా నీళ్లు పడలేదు. దాహంతో వరస తప్పి నది వైపు పరిగెత్తారు, అప్పుడే శత్రువు మీదపడ్డాడు. తిండి గురించి చెప్పిందంతా నీళ్లకూ వర్తిస్తుంది.

1841కి వచ్చేసరికి ఈ కథలో మనవాళ్లు కనిపిస్తారు. నల్లమందు యుద్ధం. ఇంగ్లీషువాళ్లు చైనా మీదకు తీసుకెళ్లిన సైన్యంలో మద్రాసు పటాలాలున్నాయి. మద్రాసు సైన్యంలో తెలుగు జిల్లాలవాళ్లు ఎంతగా ఉండేవారంటే, ఉత్తరాదిలో 'తెలంగా' అనే మాటకు సిపాయి అనే అర్థం వచ్చేసింది. ఆ మే నెలాఖరున కాంటన్ నగరం బయట సాన్‌యువాన్‌లీ అనే ఊరి దగ్గర 37వ మద్రాసు పటాలంలో ఒక కంపెనీ, దాదాపు అరవై మంది, కుంభవృష్టిలో దారి తప్పింది. వాళ్లవి చెకుముకి తుపాకులు. తడిస్తే పేలవు. చుట్టూ వేల మంది రైతులు ఈటెలతో, వెదురు కర్రలతో. వీళ్లు చతురస్రంగా నిలబడి బాయినెట్లతోనే గంటల తరబడి కాచుకున్నారు. తడిసినా పేలే కొత్త రకం తుపాకులున్న ఇంగ్లీషు మెరీన్ దళాలు వచ్చి విడిపించాయి. ఒక సిపాయి చనిపోయాడు, పది మందికి పైగా గాయపడ్డారు. ఆ పొలాల్లో రెండు వైపులా ఉన్నది రైతు బిడ్డలే. ఒకరు జీతం కోసం సముద్రం దాటి వచ్చారు, ఇంకొకరు సొంత ఊరి కోసం వచ్చారు. చైనాలో ఆ ఊరి పేరు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన పుస్తకాల్లో ఆ సిపాయిల ఊసే లేదు. ఇది నాకు బాధగా ఉంటుంది.

తర్వాత నలభై ఏళ్లకు, అప్పుడు చైనాను ఏలుతున్న చింగ్ వంశపు రాజులు జర్మనీలో పెద్ద యుద్ధనౌకలు చేయించుకున్నారు. కానీ నౌకాదళం డబ్బు రాణివారి వేసవి విహార భవనానికి మళ్లింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మనవాళ్లు ఊరికే అనలేదు. 1894 సెప్టెంబర్ 17న యాలూ నది ముఖం దగ్గర జపాన్ నౌకలు ఎదురుపడినప్పుడు ఆ పెద్ద ఫిరంగులకు సరైన పేలుడు గుళ్లే చాలినన్ని లేవు.

జపాన్‌తో రెండో యుద్ధంలో, 1942లో, హెనాన్ రాష్ట్రంలో వాన పడలేదు. పంట పోయింది. సొంత దేశపు సైన్యం మాత్రం ధాన్యం వసూలు ఆపలేదు. చెట్ల బెరడు తింటున్న రైతు దగ్గర విత్తనాలు కూడా లాక్కున్నారు. ఇరవై, ముప్పై లక్షల మంది చనిపోయారు. 1944లో జపాన్ సైన్యం హెనాన్ మీదకు వచ్చినప్పుడు, అదే రైతులు పారల్తో, కొడవళ్లతో వచ్చి వెనక్కి పారిపోతున్న తమ దేశపు సైనికుల ఆయుధాలు గుంజుకున్నారు. ఒకరిద్దరివి కాదు, వేలాదిమందివి. ఆ రైతులను దేశద్రోహులన్నవాళ్లున్నారు. నేను ఆ మాట అనలేను.

ఇప్పుడు మళ్లీ షాన్‌డాంగ్, మళ్లీ అదే బండి. 1948 నవంబర్. అప్పుడు దేశాన్ని ఏలుతున్న చియాంగ్ కై షేక్ సైన్యానికీ, కమ్యూనిస్టు సైన్యానికీ మధ్య హ్వాయ్‌హాయ్ యుద్ధం. చియాంగ్ వైపు దాదాపు ఎనిమిది లక్షల సైన్యం, అమెరికా ట్యాంకులు, విమానాలు. కమ్యూనిస్టుల వైపు ఆరు లక్షలు. కానీ వెనక 50 లక్షలకు పైగా రైతులు పనిచేశారు. లక్షల కొద్దీ ఒంటిచక్రం బళ్లు. జొన్నలు, గోధుమ పిండి, తుపాకీ గుళ్లు తోసుకెళ్లారు, గాయపడినవాళ్లను అదే బండి మీద వెనక్కి తెచ్చారు. తాంగ్ హెఎన్ అనే షాన్‌డాంగ్ రైతు చేతికర్ర ఒకటి బీజింగ్ మ్యూజియంలో ఉంది. బండి తోస్తూ దాటిన ఒక్కో ఊరి పేరు దాని మీద చెక్కుకుంటూ పోయాడు. 88 పేర్లున్నాయి. చిన్న చిన్న అక్షరాలు. ఈ గెలుపును జనం తోపుడు బళ్ల మీద తోసుకొచ్చారని సేనాని చెన్ యీ అన్న మాట చైనాలో అందరికీ తెలుసు.

611లో బండి వదిలి పారిపోయిన ఊళ్లే 1948లో అదే బండిని 88 ఊళ్ల మీదుగా ఎందుకు తోశాయి? నాకు కనిపించే పెద్ద కారణం భూమి. 1946 తర్వాత ఆ ప్రాంతంలో భూస్వాముల పొలాలు పంచారు. పాత ప్రభుత్వం తిరిగొస్తే చేతికొచ్చిన పొలం పోతుందని రైతుకు తెలుసు. పార్టీ ఒత్తిడి, ఊరూరా లెక్కగట్టి మనుషులను తీయడం కూడా ఉన్నాయి, అది దాచాల్సిన పని లేదు. కానీ ఒత్తిడి ఒక్కటే అయితే 611లోనూ ఉంది.

అటు వైపు చియాంగ్ సేనాని డు యూమింగ్ సైన్యం మంచులో అయిదు వారాలకు పైగా దిగ్బంధంలో చిక్కింది. విమానాలు పడేసే బస్తాల కోసం సైనికులు ఒకరినొకరు కాల్చుకున్నారు. గుర్రాలను కోసుకుని తిన్నారు. 1949 జనవరి 10న అంతా ముగిసింది. ఛాంగ్‌పింగ్ గుర్తొస్తోంది కదా?

ఇంకో విషయం చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. అదే 1948లో ఈశాన్యంలోని చాంగ్‌చున్ నగరాన్ని కమ్యూనిస్టు సైన్యం నెలల తరబడి చుట్టుముట్టింది. లోపలికి గింజ పోనివ్వలేదు, బయటికి మనుషులను రానివ్వలేదు. లోపలున్న చియాంగ్ సైన్యం తినేది తాను తిని, ఆకలితో ఉన్న జనాన్ని బయటికి తరిమింది. రెండు వరసల మధ్య ఖాళీ నేలలో జనం పడి చనిపోయారు. తక్కువ అంచనాలు కూడా లక్ష దాటుతాయి. బండి తోసిన రైతు కథ చెప్పి ఈ నగరాన్ని వదిలేస్తే ఆ చనిపోయినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

1950 అక్టోబర్‌లో చైనా సైన్యం కొరియాలోకి వెళ్లింది. బళ్లు తోసే జనం అక్కడ లేరు. లారీలను అమెరికా విమానాలు పేల్చేశాయి. పొయ్యి వెలిగిస్తే పొగ కనబడుతుంది. అందుకని వేయించిన పిండి పంపారు. గోధుమలు, సోయా, మొక్కజొన్న లాంటివి వేయించి, పొడి కొట్టి, చిటికెడు ఉప్పు. మన తొలి ఏకాదశి పేలపిండి ఉంది చూశారా, దాదాపు అదే, బెల్లం ఉండదు. పొడవాటి గుడ్డ గొట్టంలో నింపి భుజం మీంచి నడుము దాకా అడ్డంగా కట్టుకునేవారు. గుప్పెడు పిండి, గుప్పెడు మంచు, అదే భోజనం. ఆ పిండి వేయించడానికి ప్రధాని చౌ ఎన్ లై కూడా బీజింగ్‌లో ఒక పూట కూర్చున్నాడు. ఒక మనిషి ఒంటి మీద వారం రోజులకు మించి తిండి పట్టదు. చైనా దాడి వారం సాగి ఆగిపోతోందని అమెరికా సేనాని రిడ్జ్‌వే పట్టేశాడు, ఎనిమిదో రోజు తను ఎదురుదాడి చేసేవాడు. చోసిన్ సరస్సు దగ్గరైతే చలి సున్నాకు 30 డిగ్రీలు కింద. పత్తి కోట్లు అందరికీ అందలేదు. తుపాకీ పట్టుకుని పొంచి ఉన్నవాళ్లు ఉన్నచోటే గడ్డకట్టి చనిపోయారు.

1962లో ఇదే లెక్క మనకు ఎదురు తిరిగింది. ఇప్పటి అరుణాచల్ సరిహద్దులో, తాగ్‌లా కొండల దాకా చైనావాళ్లకు దాదాపు రోడ్డుంది. కింద నామ్‌కా చూ అనే వాగు దగ్గరున్న మన జవాన్లకు విమానం నుంచి పడేసిన మూటలు సగం లోయల్లోకి జారిపోయాయి. కాన్వాస్ బూట్లతో, నూలు బట్టలతో నిలబడ్డారు. అయినా నవంబర్ చివర్లో కనుమలు మంచుతో మూసుకుపోతే కింద ఉన్న సైన్యానికి తిండి పంపడం చైనాకూ కష్టమే. నవంబర్ 21న వాళ్లంతట వాళ్లే కాల్పులు ఆపడంలో ఆ లెక్క కూడా ఉందని నా నమ్మకం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది పోయారు. ఆ సంగతి ఇక్కడ నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ శీతాకాలం రెండు దేశాలూ వేలాదిమందిని ఆ ఎత్తులోనే ఉంచి రోజూ తిండి, నూనె, వెచ్చటి గుడారాలు పైకి పంపాల్సి వచ్చింది.

ఇప్పటి చైనా సైన్యం వేరు. 2016లో ఏడు సైనిక ప్రాంతాలను అయిదు కమాండ్లుగా మార్చారు. అదే ఏడాది సరఫరాల కోసమే ఉహాన్ కేంద్రంగా ఒక ప్రత్యేక దళం పెట్టారు. టీవీల్లో విమాన వాహక నౌకలనే చూపిస్తారు. నాకు ఆ ఉహాన్ దళమే పెద్ద వార్త. చైనా దేశం వాడే ముడి చమురులో 70 శాతానికి పైగా బయటి నుంచే రావాలి, అందులో ఎక్కువ భాగం మలక్కా జలసంధి గుండా. బీజింగ్‌లో కూర్చున్నవాళ్లకు నిద్ర పట్టనివ్వని టెన్షన్ అదే.

చివరగా ఒక్క మాట ఛాంగ్‌పింగ్ గురించి. ఆ యుద్ధభూమి ఇప్పుడు గావ్‌పింగ్ అనే ఊరు. అక్కడ సోయా పాలు విరగ్గొట్టి చేసే టోఫూను నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి, అల్లం నూరిన ముద్దతో తింటారు. వీధి బళ్ల మీద అమ్ముతారు. ఆ వంటకాన్ని అక్కడివాళ్లు బై చీ మాంసం అంటారు. టోఫూ అతని ఒళ్లట, నూరిన ముద్ద అతని మెదడట. 2,280 ఏళ్లయింది. ఇంకా అతణ్ని కాల్చుకు తింటున్నారు.